గిడియన్ గారి భార్య రాసిన అర్జీ

"వెనక్కి తీసుకుంటున్నానని రాయి. రెండు ముక్కలు చాలు," అన్నాడు గిడియన్, లాప్‌టాప్‌ని భార్య ముందుకు తోస్తూ.

పుష్పవతి ఇంకా కోటు కూడా విప్పలేదు. రాత్రంతా నర్సింగ్ హోంలో పద్దెనిమిది మంది ముసలివాళ్ళని కనిపెట్టుకుని, పొద్దున్నే బస్సెక్కి డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో దిగి ఇంటికొచ్చేసరికి, మొగుడు వంటింట్లో కూర్చుని ఉన్నాడు. మంగళవారం తొమ్మిదిన్నరకి గిడియన్ ఇంట్లో ఉండటం ఈ ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి. డేటా సెంటర్‌లో అతని పై అధికారి డెక్లన్ నిన్న సాయంత్రం పిలిచి, "రేపు రావద్దు. బుధవారం పదకొండింటికి ఆఫీసుకి రా, మాట్లాడాలి," అని పంపించేశాడు.

పుష్పవతి లాప్‌టాప్ వంక చూడలేదు. స్టవ్ మీద గిన్నె పెట్టింది. ఆ గిన్నె పెట్టిన చప్పుడుకి గిడియన్‌కి సగం జవాబు వచ్చేసింది.

"నీకే చెప్తున్నా పుష్పా."

"వినపడుతోంది."

"వినపడితే రాయి మరి. నా పేరు, నా ఉద్యోగం, నేను అన్నం తింటా నీతో అన్న మాట, అన్నీ తీసుకెళ్ళి కౌన్సిల్ వాళ్ళ వెబ్‌సైట్‌లో పెట్టావే! మా సెంటర్‌లో స్వీపర్ దగ్గర్నుంచి అందరూ చదివారు. డెక్లన్ దాన్ని ప్రింట్ తీసి, పచ్చ పెన్నుతో గీత గీసి మరీ చూపించాడు."

"నేను పెట్టలా. ఆఫీసుకి రాశా. వాళ్ళు పెట్టారు."

మెట్ల మీద ఫెబి కూర్చుని ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల, మిడ్‌టర్మ్ సెలవులు. ఆరేళ్ళ కిందట ఈ దేశం వచ్చినప్పుడు గుంటూరు యాసలో గలగలలాడిన నోరు, ఇప్పుడు సగం ఇంగ్లీషు కలపందే తెలుగు పలకదు.

"ఇట్స్ పబ్లిక్, మామ్. వాళ్ళు ఎవ్రీథింగ్ స్కాన్ చేస్తారు. నేమ్, అడ్రెస్, ద లాట్. వీ డిడ్ ఇట్ ఇన్ స్కూల్, లైక్."

"నువ్వు పైకి పో," అన్నారు తల్లీ తండ్రీ ఒకేసారి. ఆ పొద్దున వాళ్ళిద్దరూ కలిసి అన్న మాట అదొక్కటే.

ఫెబి రెండు మెట్లు మాత్రమే ఎక్కింది.

"అసలు నా పేరెందుకు రాశావు? అది చెప్పు. నీ ఇబ్బందేదో నువ్వు రాసుకోవచ్చుగా."

పుష్పవతి పాలు పోసింది. జవాబు లేక కాదు. ఉన్న జవాబు ఆయనకి నవ్వులాటగా ఉంటుందేమోనని వెనకాడింది.

ఆమె తండ్రి మోజెస్ గారు వాళ్ళ ఊరి తాలూకా ఆఫీసు ముందు రేకు పందిరి కింద అర్జీలు రాసేవాడు. రేషన్ కార్డు, పింఛను, బోరింగు పంపు, ఏదైనా సరే, ఆయన కలం ఒకే వరసలో నడిచేది. ముందు అర్జీదారు ఎవరి తాలూకో రాయాలి. ఫలానా వారి కుమార్తె, ఫలానా వారి భార్య, భర్త చేసే పని ఫలానా. ఆ తర్వాతే అసలు సంగతి. ఆ మొదటి రెండు పంక్తులు లేని కాగితాన్ని గుమాస్తా తలెత్తి చూడడని ఆయన నమ్మకం. పందిరి కింద కూర్చుని అవి చదువుతూ పెరిగిన పిల్ల, ఐర్లండ్‌లో డేటా సెంటర్ జనరేటర్ల చప్పుడు మీద కౌన్సిల్‌కి ఇంగ్లీషులో కాగితం రాయాల్సి వచ్చినప్పుడు కూడా అదే వరసలో మొదలుపెట్టింది. "గిడియన్ గారి భార్యను. నా భర్త అదే డేటా సెంటర్‌లో జనరేటర్ టెక్నీషియన్." ఇక్కడ పుట్టిన మనిషెవరూ చచ్చినా రాయని మాట అది.

అంతటితో ఆగినా బాగుండేది. చెప్పేది నిజమని నమ్మించాలి కదా అని, "అన్ని జనరేటర్లూ ఒకేసారి నడపాల్సిన అవసరం లేదని, ఒక్కొక్కటిగా నడపొచ్చని, పని త్వరగా తెమలడం కోసమే కలిపి నడుపుతారని నా భర్త చెప్పారు," అని కూడా రాసింది. డెక్లన్ పచ్చ గీత గీసింది ఆ మాట కిందే.

"మా నాన్న అట్టానే రాసేవాడు," అంది చివరికి.

"మీ నాన్న రాసినవాటికి ఒక్కదానికన్నా జవాబొచ్చిందా?"

ఆ మాట అన్న వెంటనే గిడియన్ నాలిక కరుచుకున్నాడు. పాలు పొంగి స్టవ్ మీద పడుతున్నా పుష్పవతి కదల్లేదు. ఫెబి దిగొచ్చి మంట ఆర్పింది.

"నాకొచ్చింది," అంది పుష్పవతి. "మూడో రోజుకి ఇంటికి ఉత్తరం వచ్చింది. మీ కాగితం అందింది, దీని నంబరు ఇది, నిర్ణయం తీసుకునేటప్పుడు పరిశీలిస్తాం అని. కింద ఒక మనిషి సంతకం. మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసింది ఆ ఒక్క ముక్క కోసమే. బైబిల్లో పెట్టుకున్నా దాన్ని. మీకు చూపిద్దామనుకున్నా. మీరు అలిసిపోయి వచ్చారని ఊరుకున్నా."

గిడియన్ పొంగిన పాలు తుడవడానికి గుడ్డ తీసుకున్నాడు.

అప్పుడే బెల్ మోగింది. గిడియన్ ఫోన్ చేసి రమ్మన్న ఆమోసు అంకుల్ వచ్చాడు. పడమటి ఐర్లండ్‌లో కాజిల్‌బార్ ఆసుపత్రిలో పదేళ్ళు చేసి డబ్లిన్ వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. వాళ్ళ తెలుగు సంఘంలో ఎవరింట్లో గిన్నెలు ఎక్కువ చప్పుడైనా ముందు ఆయనకే తెలుస్తుంది.

"వందనాలు అంకుల్," అంది పుష్పవతి కళ్ళు తుడుచుకుని, టీ కప్పు చేతికిస్తూ.

"వందనాలమ్మా. చూడు తల్లీ, నువ్వు తప్పు చేశావని నేను అనను. కానీ మనం వచ్చినవాళ్ళం. మనకి అన్నం పెట్టే చోట మన నోరు ఎంత పెద్దదో అంతే తెరవాలి. ఆ సెంటర్ల గొడవ చూసుకోడానికి ఈ దేశంలో పార్టీలున్నాయి, గ్రీన్స్ అని వాళ్ళున్నారు. దేశం కరెంటులో ఐదో వంతు ఇవే తాగుతున్నాయని వాళ్ళే అరుస్తున్నారుగా. అరవనీ. మధ్యలో మనమెందుకు?"

"నేను కరెంటు సంగతి రాయలేదంకుల్. నా నిద్ర సంగతి రాశా."

"అదే అంటున్నా."

"పోయినేడాది లోకల్ ఎన్నికలప్పుడు ఆ గ్రీన్ పార్టీ అమ్మాయి వానలో మన గుమ్మం ముందు నిలబడింది. నేను ఈ దేశం మనిషిని కాదమ్మా, వేరే ఇంటికి పో అన్నా. మీరు ఇక్కడ ఉంటున్నారు కదా, మీకూ ఓటుంది అంది. తడిసిన చేత్తోనే ఓటర్ల జాబితాలో నా పేరు ఎట్లా ఎక్కించుకోవాలో చూపించింది. ఆమెకి నేను ఓటేశానో లేదో కూడా అడగలా. ఇక్కడ ఉంటున్నవాళ్ళంతా లెక్కలోకే వస్తారని ఆ రోజు తెలిసింది నాకు. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి. ఎన్నాళ్ళంకుల్ మనం వచ్చినవాళ్ళం?"

ఆమోసు ఏదో చెప్పబోయాడు. ఈలోగా పదయింది.

మొదట కాళ్ళ కింద తెలిసింది. తర్వాత కిటికీ అద్దానికి పాకింది. గోడకున్న అల్మారాలో, ఫెబి భాషలో ప్రెస్‌లో, గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా గణగణమన్నాయి. ఆమోసు చేతిలో కప్పు సాసర్ మీద వణికింది. పెద్ద మోతేం కాదు. మోత అయితే చెవులు మూసుకోవచ్చు. ఇది పళ్ళలోకి, కణతల్లోకి దిగే గుర్రుమనే చప్పుడు. రింగ్ రోడ్డు అవతల డేటా సెంటర్‌లో, వారం వారం చేసే పరీక్ష కోసం జనరేటర్లు లేచాయి.



గిడియన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రెండేళ్ళుగా ప్రతి మంగళవారం పదింటికి ఆ మీట నొక్కింది తనే. చెవులకి డొప్పలు పెట్టుకుని, రీడింగులు రాసుకుని, తేనీరు తాగి వచ్చేవాడు. ఆ అరగంటా తన ఇంట్లో ఏం జరుగుతుందో వినే అవకాశం అతనికి ఎప్పుడూ రాలేదు. కిటికీ అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. అద్దం చేతి కింద వణుకుతోంది.

"ఎంతసేపుంటుంది?" అన్నాడు ఆమోసు, కప్పు కింద పెట్టేస్తూ.

"ముప్ఫై ఐదు నిమిషాలు," అన్నారు భార్యాభర్తలిద్దరూ. ఒకరికి పని వల్ల తెలుసు, ఒకరికి పడుకుని లెక్కపెట్టడం వల్ల తెలుసు.

"ప్రతి వారమూ ఇట్టానేనా?" అని అడిగాడు గిడియన్, కిటికీ వైపే చూస్తూ.

"ఎవ్రీ వీక్, డాడ్. మామ్ బాత్రూంలో పడుకుంటుంది, టవల్స్ వేసుకుని. దేర్ ఈజ్ నో విండో ఇన్ ఇట్," అంది ఫెబి.

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్తే మీరు ఆ మీట నొక్కినప్పుడల్లా బాధపడతారని చెప్పలా," అంది పుష్పవతి.

ఆ చప్పుడు ఆగకముందే పెరటి తలుపు తట్టి పక్కింటి బ్రీడా లోపలికొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఇంట్లో అందరూ ఆమెని బ్రీడమ్మ అంటారు, ఆమె కూడా పలుకుతుంది. ఈ కాలనీ కట్టినప్పుడు మొదట తాళం తీసిన నాలుగు కుటుంబాల్లో ఆమెదొకటి. ఒకప్పుడు ఇక్కడ చెత్త కుప్ప రాకుండా ఆపిన ఆడవాళ్ళలో మిగిలింది ఈమె ఒక్కతే. చేతిలో ప్లాస్టిక్ కవర్లో కాగితాలు ఉన్నాయి.

"మీరంతా గ్రాండేనా?" అని ఇక్కడి మాటలో కులాసా అడిగి, మొహాలు చూసి, గ్రాండ్ కాదని తెలిసిపోయి, కూర్చుంది. "పుష్పా, నీకు చూపించాలని వచ్చాను. కౌన్సిల్ వాళ్ళు కంపెనీకి ఉత్తరం రాశారు. జనరేటర్లు పెంచుకోవడానికి ఇప్పుడే అనుమతి ఇవ్వలేం, ముందు ఈ ప్రశ్నలకి జవాబు చెప్పండి అని. రెండో ప్రశ్న చదువు."

పుష్పవతి చదివింది. ఇంగ్లీషు కష్టమై కాదు, నమ్మలేక రెండోసారి చదివింది. రాత్రి విధులు చేసి పగలు నిద్రపోయే చుట్టుపక్కల నివాసుల మీద జనరేటర్ పరీక్షల ప్రభావం ఏమిటో కొలిచి చూపించాలి. వాటిని ఒక్కొక్కటిగా నడిపే వీలుందో లేదో తెలపాలి. నివాసులకు ముందుగా ఎలా తెలియజేస్తారో చెప్పాలి.

"ఇవి నేను రాసిన మాటలే," అంది.

"నీవే. పగలు నిద్రపోయేవాళ్ళ సంగతి ఇంకెవరూ రాయలేదు. మాకెవరికీ తట్టలేదు. ఒక మనిషి కూర్చుని నీ కాగితం చివరిదాకా చదివాడు."

పుష్పవతికి ఏడుపొచ్చింది. కోటు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. దుఃఖం కాదది. రేకు పందిరి కింద కలం అరిగిన తండ్రి తరఫున, జవాబు రాని అన్ని కాగితాల తరఫున, ఆమెకి ఒక్కసారిగా కృతజ్ఞత పొంగుకొచ్చింది. ఆ చదివిన మనిషి ఎలా ఉంటాడో తెలియదు. కళ్ళజోడు ఉందో లేదో తెలియదు. అయినా అతని పిల్లాపాపా బాగుండాలని మనసులో ప్రార్థన చేసేసింది.

"ఆయనకి నేను థాంక్యూ చెప్పాలి."

"ఎందుకు?" బ్రీడమ్మ కస్సుమంది. "అతను చెయ్యాల్సిన పనే చేశాడు. ఇది దయ కాదమ్మాయ్, చట్టం. యూరప్ అంతా ఒకటే చట్టం. గాలి, నీళ్ళు, చప్పుడు, వీటి సంగతి తేల్చేముందు ఆ పక్కన బతికేవాళ్ళని అడిగి తీరాలి. ఎవరూ మాకు పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదు. మా కాళ్ళు అరిగేలా తిరిగి తెచ్చుకున్నాం."

"చట్టమే కావచ్చు బ్రీడా. చదివింది మనిషేగా!"

బ్రీడమ్మ ఆమె చెయ్యి తట్టింది. "అది కూడా నిజమే," అంది.

"ఇప్పుడు ఈమె ఆ కాగితం వెనక్కి తీసుకుంటే ఏమవుతుంది?" అని అడిగాడు ఆమోసు నెమ్మదిగా.

బ్రీడమ్మ అందరి వంకా మార్చి మార్చి చూసింది. సంగతి అర్థమైంది. "ఆ ప్రశ్న ఆమె మాట మీద నిలబడి ఉంది. ఆమె లేదంటే, కంపెనీ వాళ్ళ లాయరు మొదట దాన్నే కొట్టేయమంటాడు. తీసుకోవద్దని చెప్పను. ఇంటి అద్దె, లీజు, పిల్ల చదువు, అవన్నీ నాకు తెలుసు." లేచి నిలబడింది. "ఒకటి మాత్రం చెప్తాను గిడియన్. కౌన్సిల్‌కి వచ్చిన ముప్ఫై ఒక్క కాగితాలూ చదివాను. అందులో కంపెనీకి ధన్యవాదాలు చెప్పింది నీ భార్య ఒక్కతే."

"కంపెనీకా? ధన్యవాదాలా?"

"నువ్వు చదవలేదా?"

చదవలేదు. పచ్చ గీత దాకా చదివి, తల తిరిగిపోయి, అక్కడే ఆపేశాడు.

బ్రీడమ్మతోపాటు ఆమోసు కూడా లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, నేను ఇందాక అన్న మాట... ఆ చప్పుడు వినకముందు అన్నది. ప్రార్థనలో పెడతాను," అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన జీవితంలో ఇచ్చిన సలహా వెనక్కి తీసుకోవడం బహుశా అదే మొదలు.

జనరేటర్లు ఆగాయి. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయినట్టుంది. గిడియన్ లాప్‌టాప్‌ని తనవైపు తిప్పుకుని చివరి పేరా చదివాడు.

"నా భర్తకు ఆయన నేర్చుకున్న పని ఇచ్చింది ఈ కంపెనీయే. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన గోడౌన్‌లో పెట్టెలు మోశారు. వీపు నొప్పితో పక్కకి తిరగలేకపోయేవారు. ఈ ఉద్యోగం వచ్చిన రోజు బూట్లు తుడుచుకుంటూ పాట పాడారు. అప్పటికి మా ఇంట్లో ఆ పాట విని చాలా ఏళ్ళయింది. అందుకు కంపెనీ వారికి నేను కృతజ్ఞురాలిని. కాబట్టి సెంటర్ వద్దని అడగడం లేదు. ఒక్కొక్కటిగా నడపమనండి, ముందు రోజు మాకు చెప్పమనండి, అంతే."

గిడియన్ తెర మీద పాట అన్న మాట దగ్గర వేలు పెట్టాడు.

"నేను పాడానా?" అన్నాడు.

"పాడారు. శ్రుతి లేదు. అయినా బాగుంది."

పుష్పవతి అప్పటికి కోటు విప్పి కుర్చీకి తగిలించింది. అతని పక్కన కూర్చుని లాప్‌టాప్ తన ముందుకు లాక్కుంది. "సరే, రాస్తా. వెనక్కి తీసుకుంటున్నా అని. నా మాట ఒక మనిషి చదివాడు, నాకది చాలు. బాత్రూంలో పడుకోవడం అలవాటైపోయింది. మీరు మళ్ళీ ఆ పెట్టెలు మోయడం నేను చూడలేను."

నిష్ఠూరంగా అనలేదు. మనసారా అంది. అదే గిడియన్‌కి కష్టమనిపించింది.

ఆమె రెండు పంక్తులు రాసింది. పంపడానికి వేలు పెట్టబోతుంటే, అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. నీకొకటి చెప్పలా."

జాకెట్ లోపలి జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. కంపెనీ పేరుతో ఉన్న కాగితం. కింద సంతకానికి ఖాళీ గీత ఉంది. పుష్పవతి చదువుతుంటే ఆమె మొహంలో రంగు మారింది. జనరేటర్ల గురించి తను ఇంట్లో ఎప్పుడూ ఏమీ చెప్పలేదనీ, తన భార్య తన పేరు మీద రాసినదంతా అబద్ధమనీ గిడియన్ ఒప్పుకుంటున్నట్టు ఉంది అందులో.

"దీని మీద సంతకం పెడితే ఉద్యోగం పర్మనెంట్ చేస్తామన్నారు. రేపు పదకొండింటికి పెట్టాలి. నువ్వే వెనక్కి తీసుకుంటే ఈ కాగితంతో పని లేదన్నాడు డెక్లన్. అందుకే పొద్దుట్నుంచి నీ ప్రాణం తీస్తున్నా. నిన్ను అబద్ధాలకోరువని నా చేత్తో రాసివ్వలేక."

పొద్దుట్నుంచి ఈ మనిషి తన ఉద్యోగం కోసమే అరుస్తున్నాడనుకుంది పుష్పవతి. పదహారేళ్ళ కాపురంలో ఇంత తప్పుగా ఎన్నడూ లెక్కేయలేదు. దేవుడా, ఈయన్ని నాకిచ్చినందుకు నీకు స్తోత్రం అనుకుంది. పైకి మాత్రం, "పెట్టెయ్యండి. నేనెవరో మీకు తెలుసు. కాగితం మీద ఏముంటే ఏంటి? నాకేం బాధ లేదు," అంది.

"నాకుంది," అన్నాడు గిడియన్.

బల్ల మీద ఫోన్ మోగింది. డెక్లన్. ఆ పేరు చూసి ఇద్దరూ కదల్లేదు. నాలుగో రింగుకి గిడియన్ తీసి, స్పీకర్ నొక్కి, ఫోన్‌ని ఇద్దరి మధ్యా పెట్టాడు. భార్య ముందు ఆఫీసు ఫోన్ అలా మాట్లాడటం అతనికి అలవాటు లేదు.

"గిడియన్, కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది, నీకు తెలిసే ఉంటుంది," డెక్లన్ గొంతు ఆయాసంగా ఉంది, ఎక్కడో బయట నడుస్తున్నట్టుంది. "రేపటిదాకా ఆగలేను. ఒక్క మాట చెప్పు. మీ ఆవిడ రాసింది నిజమా, అబద్ధమా?"

గిడియన్ భార్య వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, వద్దని.

"నిజం," అన్నాడు. "నేనే చెప్పాను. ఒక్కొక్కటిగా నడపొచ్చు."

అవతల కారు తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. మళ్ళీ మాట్లాడినప్పుడు డెక్లన్ గొంతు బాగా తగ్గింది.

"అయితే ఆ మాట కౌన్సిల్ వాళ్ళ ముందు కూర్చుని చెప్తావా? వాళ్ళ ప్రశ్నకి జవాబు రాయాల్సింది నేనే."

అది బెదిరింపో, బతిమాలడమో తేల్చుకోలేక భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.